సంక్రాంతి పండుగయు కల్లపు ధర్మములును
(ఒక వ్యవసాయ ప్రదర్శకుడు, మేడిపల్లి)

ఈ సంచిక సభ్యులగు రైతుసోదరుల చేతి కందునప్పటికి సంక్రాంతి ముంగిట నిలిచియుండును. పండుగ సంచికకు పండుగను గూర్చియే వ్రాయవలెనని సంఘమువారు కోరిరి. ఎరువులను గూర్చియు పురుగులను గూర్చియు వ్రాయుట నా కలవాటు. పండుగలను గూర్చి చెప్పుటకు పురోహితులును పండితులును గలరు. అయినను సంక్రాంతి పంటల పండుగ గావున, పంటతోడి పొత్తు నాకును కొంత యధికారము నిచ్చునని తలంచి సాహసించుచున్నాను.

గత సంవత్సరము పండుగకు ముందటి వారమున మేడిపల్లి చేరువ నొక పొలము గట్టుపై నిలిచియుంటిని. మోకాలిలోతు బురదలో నాట్లు వేయించుచున్న రైతు తల యెత్తి నన్నిట్లడిగెను: "సారూ, సంకురాత్రి కోతల పండుగ అంటరు గద. నాకైతె ఏటేట నాట్ల బురదలనే వస్తది. కోసింది ఎన్నడు, పండుగ ఎన్నడు?"

ఆ ప్రశ్న సమంజసమైనది. దానికి నేను గట్టుమీద నిచ్చిన సమాధానము కంటె కొంచెము మేలైన సమాధాన మిచ్చట నిచ్చెదను.

మన పెద్దల కాలమున చెరువుల క్రింద సాగైన వరివంగడములు దీర్ఘకాలికములు. వానిలో పెక్కు, పగటిపొద్దు కురచ యగుచున్నప్పుడు గాని పొట్టకు రాని జాతులు. ముందు నాటినను వెనుక నాటినను అవి శరదృతువునందే యీని, మార్గశిరమున కోతకు వచ్చెడివి. కోసిన పనలను కుప్ప వేసి, ఆరిన పిమ్మట కల్లమున పరచి, పశువులచేత త్రొక్కించి, గాలి వచ్చిన దినమున తూర్పారబట్టి ధాన్యమును గుమ్ములకు చేర్చునప్పటికి పుష్యమాసము వచ్చెడిది. చేతిలో గింజయు, ఇంటిలో తీరికయు ఒక్కసారి కలిసివచ్చు దినములు సంవత్సరమున అవియే. పండుగ ఆ తీరికలో పుట్టినది.

తరువాత కాలువ వచ్చినది. 1963 జూలై 26న నాటి ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ పోచంపాడువద్ద శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు, శ్రీరాంసాగర్ అను పేర ప్రసిద్ధమై, కాకతీయ కాలువ మూలమున జగిత్యాల సీమకు గోదావరి నీరు తెచ్చినది. నీరు రాగానే యాసంగి వరి పెరిగినది. రెండు పంటలు పట్టవలె నన్న పొట్టి కాలపు వంగడములు గావలెను. సాంబమసూరికి సుమారు 150 దినములు పట్టగా తెలంగాణ సోనకు 125 దినములు చాలును. మన పొలాస పరిశోధన స్థానమునుండి వచ్చిన జగిత్యాల సన్నలు మొదలగునవియు స్వల్పకాలికములే. కావున వానకాలపు పంట దీపావళి వెనుకనే ముగియుచున్నది. సంక్రాంతికి యాసంగి నాట్లు సాగుచున్నవి. పండుగ కదలలేదు, పంట కదలినది. (నారుమళ్ల మాట వచ్చినది గనుక నొక్క ముక్క: పుష్యమాసపు చలికి నారు ఎర్రబారి యెదుగనిచో, రాత్రివేళ ప్లాస్టిక్ పట్టా కప్పి ఉదయమున తీసివేయుడు. రాత్రి చల్లబడిన నీటిని తెల్లవారగనే తీసి క్రొత్త నీరు పెట్టుడు. ఇది పండుగ సంచికలో నుండరాదని యెవరైన ననిన, నారు పండుగకొరకు ఆగదని నా మనవి.)

పండుగయు బొత్తిగా కదలలేదని చెప్పుటకు వీలులేదు. సూర్యుడు మకరరాశిని ప్రవేశించు దినము సంక్రాంతి. మన పంచాంగము నక్షత్రములను బట్టి లెక్కించును. ఋతువులు సూర్యగమనమును బట్టి వచ్చును. ఈ రెండింటికిని గల భేదముచే ఇంచుమించు 72 సంవత్సరముల కొక దినము చొప్పున సంక్రాంతి ముందునకు జరుగుచుండును. స్వామి వివేకానందుడు జన్మించిన 1863 జనవరి 12 సంక్రాంతి దినము. మనకు జనవరి 14 గాని 15 గాని వచ్చుచున్నది. పగలు పెరుగుట యారంభించు నిజమైన ఉత్తరాయణము డిసెంబరు 22 ప్రాంతముననే ప్రవేశించును. ఈ లెక్క చెప్పిన ఆ రైతు బురదలోనుండియే నవ్వి, "అయితె మా మనుమల మనుమలకు కోతలకాడికే వస్తదేమొ" అనెను. రాదు, ఇంకను దూరము పోవును. కాని యతని యాశను భంగపరచుట కిష్టములేక ఊరకుంటిని.

ఇక పండుగ మూలమైన కల్లమునకు వత్తము. యంత్రమువెంట ట్రాక్టరు నిలిచి గింజ నందుకొని పోవు నీ దినములలో కల్ల మెట్టిదో తెలియని బాలురు మన యిండ్లలోనే యున్నారు. పొలము ప్రక్కను గట్టినేలను చదునుచేసి, తడిపి, పేడతో అలికి, ఆరబెట్టెడివారు. నడుమ రాట పాతి, దానిచుట్టు పశువులను బంతి కట్టి త్రిప్పెడివారు. కల్లములోనికి చెప్పులతో పోరాదు. రాశి యయిన పిమ్మట దాని శిరస్సున పేడముద్ద నుంచి గరిక గ్రుచ్చెడివారు. కొలత మొదలిడునప్పుడు ప్రథమపు కొలతను "ఒకటి" యనరు, "లాభము" అందురు. అటుపిమ్మట రెండు, మూడు. నష్టము వచ్చిన సంవత్సరమునను మొదటి కుంచము లాభమే. మా కార్యాలయపు లెక్కలలో ఈ పద్ధతి సాగదు గాని, ఇంతకంటె ధైర్యము గల లెక్క నేను చూడలేదు.

రాశి ఇంటికి పోకముందే దానిలో పలువురకు పాలుండెను. నాగలి కర్రు సాగగొట్టిన కమ్మరికి, మేడియు కాడియు చెక్కిన వడ్రంగికి, కుండ లిచ్చిన కుమ్మరికి, చాకలికి, మంగలికి, తోలుపని చేసి మోటకు బొక్కెన కుట్టి యిచ్చినవానికి, చెరువు తూము కనిపెట్టి మడిమడికి నీరు విడిచిన నీరటికానికి ధాన్యము కొలిచి యిచ్చెడివారు. ఆయమనియు మేర యనియు దీనికి పేర్లు. గంగిరెద్దులవారును, బుడబుక్కలవారును, జంగమదేవరలును సంక్రాంతి దినములలోనే వచ్చుట వట్టి ఆచారము గాదు. గింజ యింటనుండు కాలము వారికి తెలియును. (మన యూరి పేరులోని మేడి చెట్టునకును పేరే, నాగలిపిడికిని పేరే. రైతులకు రెండవ యర్థమే రుచించునని నేను కనిపెట్టితిని.)

దీనిని చదివి, పూర్వకాల మంతయు స్వర్ణయుగమని యెవరును భ్రమపడవలదు. అదే కల్లమునొద్ద దొర భాగమునకు మనుష్యులు కాచుకొనియుండిరి. వానకాలమున తిండికి తెచ్చిన నాగువడ్లను ఒకటికి ఒకటిన్నర చొప్పున అచ్చటనే కొలువవలసియుండెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున నిజాము ప్రభుత్వపు లెవీ గల్లాయు వచ్చి చేరినది. వెట్టి చేసినవానికి మేరయు లేదు, కూలియు లేదు. రాశి యంతయు కొలిచిన పిదప గుమ్మికి చేరినది అడుగు గింజ మాత్రమే యని చెప్పు వృద్ధులను నేనెరుగుదును. మన దేశమున 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చుటకు మూలము ఇట్టి ఋణబాధయే. మన పాత కరీంనగరు జిల్లాలోనే ముల్కనూరున 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారు స్థాపించిన సహకార గ్రామీణ బ్యాంకు, అప్పుతో నాగక, ఎరువులు, విత్తనములు, అమ్మకము అన్నియు చేపట్టి, సభ్యుని రాశి సభ్యుని యింటికే చేరునట్లు చేసినది. సంక్రాంతికి ఇల్లు నిండవలె నన్నచో మొదట కల్లము విడుదల కావలసియుండెనని నా యభిప్రాయము.

ఇంటిలోని పండుగ స్త్రీలది. దానిలో నేను ప్రదర్శకుడను గాను, ప్రేక్షకుడను. క్రొత్త బియ్యమును నానబెట్టి దంచిన పిండిలో నువ్వులును వామును కలిపి, వ్రేళ్లతో నులిమి చుట్లు చుట్లుగా గుడ్డపై సకినాలు చుట్టుట మన సీమకు ప్రత్యేకమైన విద్య. ఒక్కతె చేయు పని గాదు; వాడకట్టు స్త్రీలందరు ఒకరి యింట నొకరు చేయుదురు. చెల్లించు కూలి లేదు; రేపు నీ యింటికి నేను వత్తునను మాటయే కూలి. దీనికంటె పాతదైన సహకార సంఘము మన గ్రామములలో లేదు. క్రొత్తగా పెండ్లియైన బిడ్డ అత్తవారింటికి సకినాల గంపలు పంపకున్నచో వియ్యపురాలు ఏమనునో ఈ పత్రికలో వ్రాయదగదు.

వరికంకులను కుచ్చుగా అల్లి చూరునకు వ్రేలగట్టు నాచారము మీలో కొందరికి జ్ఞాపకముండును. అది పిచ్చుకల పాలు. కాని దానియందు నా వృత్తికి సంబంధించిన రహస్య మొకటి కలదు. కుచ్చునకు ఎట్టి కంకి పడిన అట్టి కంకి పనికిరాదు. పొడవైనది, తాలు లేనిది, ఒకే తీరు గింజ గలది కావలెను. అందుకై ఇంటి పెద్ద కోతకు ముందే మడిలో దిగి యేరుకొనెడివాడు. ఆ కన్నే విత్తనమునకు నిలుపు చెక్కను ఎంచునదియు. సన్నరకములకు ప్రతియేట సంచి కొను నలవాటు వచ్చిన పిమ్మట చూరున కుచ్చు పోయినది, మడిలో కేళీలను గుర్తుపట్టు కన్నును పోవుచున్నది.

ఇట్లు క్రొత్తపంటను తాము తినుటకు ముందు మరియొకరికి పెట్టు నాచారము ఒక మతమువారిది గాదు, ఒక భాషవారిది గాదు. గోదావరి తీరపు మన్యమున కోయలు కొత్తల పండుగ చేసికొనక క్రొత్తపంటను ముట్టరు. తమిళులు తై మాసపు మొదటి దినమున క్రొత్తకుండలో పాలు పొంగించి పొంగలి వండుదురు. మరునాడు మాట్టుప్పొంగల్, పశువుల దినము. నేను చదువుకొన్న మిషను పాఠశాల ప్రక్కను గల దేవాలయములో కోతపండుగ నాడు, వడ్ల బస్తాలు, మక్కజొన్న కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు వేదికముందు ఉంచి, ఆరాధన యైన వెనుక వేలము వేసెడివారు. ఒక్క గుమ్మడికాయ ముగ్గురి చేతులు మారి మరల వేలమునకే వచ్చుట నేను చూచితిని. కొన్నవారు దానిని తిరిగి అర్పించిరి. బాలురమగు మాకు గుమ్మడికాయ యెవరికిని అక్కరలేదని తోచి నవ్వుకొంటిమి.

తమిళుల పొంగలి కుండ మెడకు పచ్చి పసుపుకొమ్మును ఆకుతో కూడ కట్టుదురు. ఇది చెప్పిన మన కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతముల పసుపు రైతులకు గర్వముగానుండును. వారి పసుపు సంక్రాంతికి ఆకు పండబారి త్రవ్వకమునకు సిద్ధమగును. ఎనిమిది తొమ్మిది నెలలు నేలలోనుండి, త్రవ్విన తరువాతను ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టినగాని పైకము కనబడని పంట యది. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న, సరిగా పండుగ దినమున ప్రారంభమైనది. దాని ప్రధానస్థానము నిజామాబాదు. బోర్డు వచ్చినను, కొమ్ములో తేమ మిగిలిన ధర రాదు. ఎండబెట్టుటలో తొందర వలదు.

కనుమ మాట చెప్పవలెను. కనుమనాడు కాకియైన కదలదని సామెత. ఎడ్లకు కాడి లేదు. కొమ్ములకు రంగు, మెడకు గంటలు, కడుపునిండ మేత. చిత్తూరు సీమలో ఆ దినమున మారేడు, నేరేడు, మద్ది మొదలగు వానిని అడవినుండి తెచ్చి ఉప్పుతో దంచి "ఉప్పుచెక్క" యను పేర పశువులకు మ్రింగింతురు. సంవత్సరమున కొక్కనాడైనను పశువు నోరు తెరచి చూచుటకు ఇది సాకు. పశువైద్యుడు లేని కాలమున అది చిన్న పని గాదు.

కనుమ యన్నంతనే నాకు తలంపునకు వచ్చు సంగతి యొకటి కలదు. దానిని చెప్పుటకు ముందు "పరిగె" యను మాట చెప్పవలెను. పనలు మోసికొనిపోయిన పిమ్మట మళ్లలో రాలియుండు కంకులను పేదలు ఏరికొనుట పరిగె. మిషను పాఠశాలలో రూతు చరిత్రము చదువునప్పుడు ఆ మాట నాకు మొదట అచ్చులో కనబడెను. భర్తను గోల్పోయిన పరదేశపు స్త్రీ యొకతె అత్తను పోషించుటకై పరుల చేనిలో పరిగె యేరుకొనును. పొలము అంచులను పూర్తిగా కోయరాదనియు, పరిగెను బీదలకు విడువవలెననియు మోషే ధర్మశాస్త్రమున విధి కలదు. ఇవి యేవో యెరూషలేము మాటలని తలంచుచు సెలవులకు ఇంటికి పోతిని. మా నాయనమ్మ చిన్న గంపతో మళ్లనుండి వచ్చుచుండెను. ఏమి తెచ్చితి వనిన, "పరిగె" అనెను. ఆ సంవత్సరము మా యింటి సకినాలు ఆ గింజలవే.

అట్టి యింట పుట్టిన నేను చేసిన పని వినుడు. సుమారు ఇరువది సంవత్సరముల క్రిందట, నేను ఉద్యోగమున క్రొత్తగా చేరినప్పుడు, కోతయంత్రము ఈ వైపున నింకను వింతగానుండెను. కూలీలు దొరకని ఒక రైతును ఒప్పించి, అతని మళ్లలో యంత్రము పెట్టించితిని. గంట కొక యెకరము చొప్పున కోయుచుండగా ఊరంతయు గట్టుమీద నిలిచి చూచినది. సాయంకాలమున నలుగురు ముసలమ్మలు గంపలతో వచ్చిరి. పనలు లేవు, కంకులు లేవు, యంత్రము విడిచిన నలిగిన గడ్డి వరుసలు మాత్రము కలవు. ఒకామె నన్ను చూచి, "మరి మా పరిగేది కొడుకా?" అనెను. నేను నవ్వితిని. "పరిగె కాలము పోయింది అవ్వా" అంటిని.

అంతటితో నాగలేదు. యాసంగికి మళ్లు త్వరగా సిద్ధము కావలెనని, ఆ గడ్డికిని కొయ్యకాళ్లకును నిప్పుపెట్టుమని చెప్పినవాడను నేనే. మధ్యాహ్నము గాలి మరలినది. రెండు గట్ల కవతల వేరొక రైతు గడ్డివామి అంటుకొన్నది. బిందెలతో నీరు మోసిన మనుష్యులు తల కొక వైపు పరుగెత్తుచుండగానే యది బూడిద యైనది. అతనికి జత యెడ్లును, పాలిచ్చు బర్రె యొకటియు నుండెను. కాలినది వాని సంవత్సరపు మేత.

కనుమ దినమున ఆ యింటికి పోతిని. పోకుండిన బాగుండునని త్రోవ పొడుగునను అనుకొంటిని. అతడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగు పూయుచుండెను. నన్ను చూచి, "కూసో సారూ, పండుగపూట వచ్చినవు" అని మంచము వాల్చెను. అతని భార్య సకినాలు తెచ్చి పెట్టినది గాని మాటాడలేదు. వెడలునప్పుడు గడపలో నిలిచి, "పండుగని ఊకున్నం సారూ. ఎల్లుండి నుంచి వాటికేం బెట్టాలె?" అనెను. దానికి నాయొద్ద సమాధానము లేకపోయెను.

యంత్రము పెట్టించుకొన్న రైతే మరునాడు ఊరిలో చెప్పి, చేతికోత కోసిన ఆరుగురి యిండ్లనుండి బండి కొకటి చొప్పున ఆరు బండ్ల గడ్డి తోలించెను. ఏడవ బండి నేను కొంటిని. ఎడ్లు ఆ సంవత్సరము గడచినవి. మూడవయేట అతడును ట్రాక్టరు కిరాయికి పెట్టుకొని ఎడ్ల నమ్మివేసెను. బర్రె మాత్రము నిలిచినది. నేడు దాని సంతతి మూడున్నవి.

యంత్రమును నిందించుట నా యుద్దేశము గాదు. ఊరిలో చేతులు లేనప్పుడు యంత్రము రాక తప్పదు. పరిగె యేరిన స్త్రీల మనుమరాండ్రు చదువుకొనుచున్నారు, అది మేలే. నిప్పు మాత్రము నా తప్పు. టన్ను వరిగడ్డియందు ఐదారు కిలోల నత్రజనియు, 25 కిలోల వరకు పొటాషును ఉండును. గింజ యెంత తూగునో ఇంచుమించు గడ్డియు అంతే తూగును. నిప్పు పెట్టినచో నత్రజని గాలిలో కలియును. నేల పైపొరలో మనకు మేలుచేయు సూక్ష్మజీవులు చచ్చును. దానినే మరల సంచులలో కొందుము. ఇప్పుడు గడ్డిని కట్టలు కట్టు యంత్రములు కిరాయికి వచ్చుచున్నవి. పశువులు గలవారు కట్టించుకొనవచ్చును, లేనివారు ఉన్నవారికి ఈయవచ్చును. కొయ్యకాళ్లను దమ్ములోనే కలియదున్ని, ఎకరమునకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేటు చల్లినచో త్వరగా కుళ్లును. యాసంగి కోతకు ఎండ తీవ్రముగా నుండును గనుక అప్పటి నిప్పు వానకాలపు నిప్పు కంటె ప్రమాదకరము. చైత్రము రాకముందే మీ వాడకట్టున మాటాడుకొనుడు.

నేను ప్రతి కనుమకును ఆ రైతు ఇంటికి పోవుచున్నాను. ఆయమ్మ ఇప్పుడు మాటాడును. మొదట నన్ను దొడ్డిలోనికి పిలిచి గడ్డివామి చూపించును. తరువాత సకినాలు పెట్టును. క్రిందటియేట వామి చూరు నెత్తు మించియుండెను. ఈయేడు కట్టలు కొన్ని తక్కువపడినవని అతడు నాతో ఫోనులో చెప్పినాడు. సంఘపు సభ్యులలో మిగులు గడ్డి గలవా రెవరైన నున్నచో పండుగలోపున నాకు తెలియజేయ ప్రార్థన.